భరత్‌పూర్‌కు టికెట్ల కంటే ముందు నీళ్లు

అనంతపురం స్టేషన్‌లో రాత్రి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, మధ్యలో ఎక్కడా బండి మారే పని లేకుండా ఆగ్రాలో దిగొచ్చు. ఆగ్రా నుంచి రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సుమారు 55 కిలోమీటర్లు. ఆ ఊరికి ఆనుకునే, పక్షులకు పేరున్న కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం ఉంది. అక్కడివాళ్లు ఘనా అంటారు. దారి ఇంత సులువైనప్పుడు ప్లాన్ చేసేదేముందని మా స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. రైలు, గది, కారు లాంటివి ఒక పూట కూర్చుంటే తేలిపోతాయి, నిజమే. తేలనిది నీళ్ల సంగతి. చిత్తడి నేలకు వెళ్లేవాళ్లు ఆ ఏడు అక్కడికి నీళ్లు వచ్చాయా లేదా అన్నది ముందు కనుక్కోవాలి. మేం అలాగే వెళ్లాం కాబట్టి, ఎలా కనుక్కున్నామో రాస్తున్నాను.

మా తాత హిందూపురం వైపు ఒక పల్లెలో నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి అన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. మా నాయన చిన్నప్పుడు పార భుజాన వేసుకుని ఆయన వెంట తిరిగినవాడు. తర్వాత ఉద్యోగం వచ్చి అనంతపురం చేరాడు, రిటైరై చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ ఊరికి పోయొచ్చామన్నా ఆయన మొదట అడిగేది అక్కడి చెరువు గురించే. ఆయనకు ఇంకో ఇష్టం వీరాపురం కొంగలు. చిలమత్తూరు మండలంలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అక్కడి చింతచెట్ల మీద ఏటా ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. పిల్లలు బెదురుతాయని ఊళ్లో వాళ్లు టపాసులు కూడా కాల్చరు. అవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ ఆ కొంగలు మన దేశంలోనే ఉండేవి. నీళ్లు, చేపలు ఉన్న చోటు వెతుక్కుంటూ ఇక్కడిక్కడే తిరుగుతాయి. అవే కొంగలు ఘనాలో నీళ్లలో నిలబడిన చెట్ల మీద వందలుగా గూళ్లు కడతాయని చెప్పినప్పుడు, నాయన ముఖం చూడాలి. “అయితే పోదాం పదప్పా” అన్నాడు. ఆ వెంటనే అడిగాడు: “ఆ చెరువుకు నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి?”

ఈ ప్రశ్నకు జవాబు వెతకడంతోనే మా ప్లానింగ్ మొదలైంది.

మొదట కజిరంగా కూడా అనుకున్నాం. బ్రహ్మపుత్ర ఒడ్డున గడ్డి మైదానాలు, బీల్ అని పిలిచే మడుగులు, ఖడ్గమృగాలు. చూడదగ్గదే, విస్తీర్ణంలో ఘనాకంటే ఎన్నో రెట్లు పెద్దది. అయితే వానాకాలంలో నది పొంగుతుంది కాబట్టి పార్కు మూసేస్తారు, దసరా సెలవులకు తెరుస్తారన్న నమ్మకం ఉండదు. పైగా లోపలంతా జీపులో తిరగాలి. నాయనకు మోకాళ్ల నొప్పి, జీపు కుదుపులకు తట్టుకోలేడు. ఘనా సుమారు 29 చదరపు కిలోమీటర్లు. ఏడాదంతా తెరిచే ఉంటుంది. లోపల చదునైన రోడ్డు, దాని మీద సైకిల్ రిక్షా. ఆ రిక్షా తొక్కేవాళ్లే గైడ్లు కూడా. పక్షుల గురించి వాళ్లకు అటవీ శాఖ శిక్షణ ఇచ్చింది. మోకాళ్లు సరిగా లేని మనిషి చిత్తడి నేల మధ్యలోకి వెళ్లి పక్షిని దగ్గర్నుంచి చూడ్డానికి మన దేశంలో ఇంతకంటే అనువైన చోటు ఉంటుందని నేననుకోను. మన కొల్లేరు ఉంది కదా అని కొందరన్నారు. కొల్లేరు, ఆటపాక మేం చూశాం, మళ్లీ చూస్తాం కూడా. ఈసారి మాత్రం నాయన మనసు ఘనా మీదికి పోయింది.

ఎప్పుడు వెళ్లాలన్నది రెండో ప్రశ్న. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని, నాకు దొరికేవి దసరా లేదంటే సంక్రాంతి. ఘనాలో ఈ రెండూ రెండు వేరే లోకాలు. వానలు పడి నీళ్లు నిండాక ఆగస్టు మధ్య నుంచి కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు గూళ్లు మొదలుపెడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో పిల్లలు ఉంటాయి. వలస బాతులు, పెద్ద బాతులు ఎక్కువగా వచ్చేది నవంబరు నుంచి, ఫిబ్రవరి దాకా ఉంటాయి. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ మంచి సీజన్ అంటే శీతాకాలమే అంటారు. మనకు ఏం చూడాలని ఉందన్న దాన్ని బట్టి సీజన్ మారుతుంది. వీరాపురంలో కొంగలు గూళ్లు కట్టేది చలికాలం నుంచి వేసవి దాకా. అక్కడ ఉత్తరాన అదే కొంగ వానల వెంటే మొదలుపెడుతుంది. కొంగలే కావాలి కాబట్టి దసరా ఖాయం చేశాం. జూన్‌లో విద్యా క్యాలెండర్ రాగానే సెలవుల తేదీలు రాసి పెట్టుకున్నాను.

ఇక నీళ్లు. దీని మీద నేను ఎక్కువ సమయం పెట్టాను, పెట్టినందుకు సంతోషంగా ఉంది.

ఘనా దానంతటదే ఏర్పడిన సరస్సు అనుకుంటారు చాలామంది. అక్కడ సహజంగా ఉన్నది ఒక పల్లపు నేల. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ రాజు సూరజ్‌మల్ గంభీర్, బాణగంగ నదుల నీళ్లు ఆపేలా అజాన్ బంధ్ అనే కట్ట కట్టించాడు. అక్కడ్నుంచి నీళ్లు ఈ పల్లంలోకి వస్తాయి. తర్వాతి రాజులు బాతుల వేట కోసం లోపల చిన్న చిన్న కట్టలు వేసి, తూములు పెట్టి, మడులుగా విడగొట్టారు. అంటే మన సీమ చెరువుల్లాగే మనిషి చేత్తో నిలిపిన నీరు అది. ఈ సంగతి చదివి వినిపిస్తే నాయన లేచి కూర్చున్నాడు. “అయితే అక్కడ కూడా నీరుగంటి ఉంటాడు” అన్నాడు.

చిక్కల్లా ఎగువన ఉంది. కరౌలి దగ్గర గంభీర్ నది మీద పాంచనా డ్యామ్ కట్టాక కిందికి నీళ్లు రావడం తగ్గిపోయింది. అక్కడి రైతులకూ నీళ్లు కావాలి, ఘనాకూ కావాలి. ఎగువా దిగువా తగాదా మన జిల్లా వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2000 తర్వాత కొన్నేళ్లు ఘనా బాగా ఎండిపోయింది. గూళ్లు కట్టే పక్షులు వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయిన ఏళ్లున్నాయి. 1985లో ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించిన చోటికి ఆ గతి పట్టింది. ఆ తర్వాత గోవర్ధన్ డ్రెయిన్ నుంచి, చంబల్ పైపులైన్ నుంచి కొంత నీళ్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఘనాకు ఏడాదికి కావాల్సింది 550 మిలియన్ ఘనపుటడుగులని లెక్క. మన లెక్కలో చెప్పుకుంటే అర టీఎంసీ పైచిలుకు. మన హంద్రీ-నీవాను 40 టీఎంసీల లెక్కతో రూపొందించారు. దాని పక్కన ఇది ఎంత? అంత కొంచెం నీళ్లు దొరక్క వేల పక్షుల కాపురాలు ఆగిపోయాయంటే నాకు చాలా బాధేసింది.

మూడు దారుల్లో కనుక్కోవడం మొదలుపెట్టాం.

ఒకటి ఫోను. బెంగళూరులో పక్షుల ఫొటోలు తీసే మిత్రుడొకరు ఘనాలో తనను తిప్పిన రిక్షా ఆయన నంబరు ఇచ్చారు. నాకు హిందీ అంతంత మాత్రం. మా బళ్లో ఉర్దూ సార్ ఉన్నాడు, ఆయనకు ఫోన్ ఇచ్చాను. జూలై చివర్లో చేస్తే “ఇంకా రాలేదు, పాంచనా గేట్లు ఎత్తితే చెప్తా” అన్నాడు రిక్షా ఆయన. ఎంత సూటి జవాబు! ఇదే ప్రశ్న గేటు బయటి లాడ్జీల వాళ్లను అడిగితే అందరూ “ఫుల్ వాటర్ సర్, రండి” అన్నారు. గది అమ్ముకునేవాళ్లు అలాగే అంటారు. రోజూ ఆ రోడ్డు మీద రిక్షా తొక్కే మనిషి మాట వేరు. నీళ్లు లేకపోతే జనం రారు, వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుని పోతారు, ఆ కష్టం ఆయన కళ్లారా చూసినవాడు. తర్వాత ఉర్దూ సార్ ఆయనతో నీళ్ల సంగతి తక్కువ, పిల్లల చదువుల సంగతి ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

రెండోది ఉపగ్రహ చిత్రాలు. మా అన్న కొడుకు జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు కోపర్నికస్ బ్రౌజర్ అనే సైటు తెరిచి చూపించాడు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు తీసే చిత్రాలు అందులో ఉచితంగా చూడొచ్చు. కొన్ని రోజులకొకసారి కొత్త చిత్రం వస్తుంది. పది మీటర్ల వెడల్పున్న గుంత కూడా ఒక చుక్కలా కనిపిస్తుంది. ఆగస్టులో ఎక్కువగా మబ్బులే. ఒకరోజు మబ్బు తెరిపిచ్చిన చిత్రం దొరికింది. ల్యాప్‌టాప్ ముందు నాయన, నేను, వాడు తలలు ఆనించి కూర్చున్నాం. ఊరి పక్కన అంతా పొలాలు, మధ్యలో ముదురు ఆకుపచ్చగా ఘనా, దాని లోపల నల్లగా నీటి మడుగులు. నేను నలుపు వెతుకుతుంటే నాయన సన్నటి గీతలు వేలితో చూపించాడు. “ఇవి కట్టలు. ఈ కట్టకు ఈ పక్క తడి ఉంది, ఆ పక్క లేదు. ఒక మడి నిండింది, రెండోదానికి ఇంకా వదల్లేదు.” మౌస్‌తో దగ్గరికి లాగి చూస్తే ఆయన చెప్పినట్టే ఉంది.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. నీళ్ల మీద గడ్డి, తామరలాంటివి పరుచుకుంటే చిత్రంలో అది పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి నల్లగా కనిపించేదే నీళ్లని లెక్కేస్తే తక్కువ లెక్క వస్తుంది. పోయిన ఏడు ఇదే నెల చిత్రం, ఎండిపోయిన వేసవి చిత్రం పక్కపక్కన పెట్టుకుని చూస్తే గానీ తేడా తెలియదు. నీటిని విడిగా చూపించే రంగుల అమరిక కూడా ఆ సైట్లో ఉంది, దాన్ని వాడితే కొంత నయం.

మూడోది ఈబర్డ్ అనే సైటు. పక్షులు చూసేవాళ్లు తాము చూసినవి తేదీతో సహా అందులో రాస్తారు. కేవలాదేవ్ పేరు కొట్టి, ఎర్రకాళ్ల కొంగ ఎప్పుడు ఎంత కనిపించిందో చూశాం. ఆగస్టు చివర్లో కొందరు గూళ్లు కడుతున్నాయని కూడా రాశారు. కొంగలు కట్టెపుల్లలు ఎత్తుకుంటున్నాయంటే వాటికి నీళ్ల మీద నమ్మకం కుదిరిందన్నమాట. పిల్లలకు తినిపించే చేపలు దొరుకుతాయన్న భరోసా లేకపోతే అవి గూటి జోలికే పోవు. సర్కారు లెక్కలకంటే నేను దీన్నే ఎక్కువ నమ్మాను.

ఇప్పుడు అసలు ఇబ్బంది. దసరాకు రైలు టికెట్లు ముందే అయిపోతాయి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. అంటే జూలై చివర్లోనే తీసుకోవాలి. నీళ్ల సంగతి తేలేది ఆగస్టు ఆఖరుకు. రెంటికీ మధ్య నెల రోజుల ఎడం. టికెట్లు ముందే తీసుకుని, రద్దు చేసుకునే వీలు ఉంచుకోవడం ఒక్కటే దారి అనిపించింది. మేం తీసుకున్నప్పటి రూలు ప్రకారం, కన్ఫర్మ్ అయిన థర్డ్ ఏసీ టికెట్‌ను బండికి 48 గంటల ముందు రద్దు చేసుకుంటే మనిషికి 180 రూపాయలు, దాని మీద జీఎస్టీ పోయేది. స్లీపర్‌కైతే 120. ముగ్గురికి కలిపి పోయేది పెద్ద మొత్తమేం కాదు. ఎండిన చిత్తడి నేల చూడ్డానికి అంత దూరం పోయే ఖర్చుతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. తెరిచిన రోజు పొద్దున ఎనిమిదికి ముందే లాగిన్ అయి కూర్చున్నాను. సీనియర్ సిటిజన్లకు చార్జీలో రాయితీ 2020లోనే ఆపేశారు గానీ లోయర్ బెర్త్ కోటా ఉంది, నాయనకు కింది బెర్త్ దొరికింది. తిరుగు ప్రయాణం కూడా అదే బండి, ఆగ్రాలో రాత్రి ఎక్కడం. దానికి టికెట్ వేరే రోజు తెరుస్తారు కాబట్టి ఇంకోసారి అలాగే కూర్చున్నాను. అక్కడ మాత్రం టెన్షన్ పడ్డాను, దొరికే దాకా ఊపిరాడలేదు.

గది విషయంలోనూ ఇదే సూత్రం. ఒక లాడ్జి వాళ్లు మొత్తం డబ్బు ముందే కట్టమన్నారు, రద్దు చేసుకుంటే పైసా తిరిగి ఇవ్వమన్నారు. నీళ్లు ఫుల్ అని అందరికంటే గట్టిగా చెప్పింది కూడా వాళ్లే. వదిలేశాం. గేటుకు నడిచే దూరంలో ఒక కుటుంబం నడిపే హోమ్‌స్టే దొరికింది, వచ్చాకే డబ్బులు ఇవ్వమన్నారు. గేటు దగ్గరే ఉండటం ఇక్కడ చాలా ముఖ్యం. సూర్యోదయానికి తెరుస్తారు, ఆ మొదటి గంటలే విలువైనవి. ఊళ్లో దిగి ఆటో కోసం చూసేసరికి ఎండెక్కుతుంది. మా ఊళ్లోనే ఒక ట్రావెల్స్ అతను ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ ప్యాకేజీలో భరత్‌పూర్‌ను “దారిలోనే కదా, రెండు గంటలు ఆపుతాం” అన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలు ఆగి పక్షుల్ని చూడటం అంటే గుడి తలుపులు మూశాక దర్శనానికి పోవడమే.

బైనాక్యులర్స్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు ఇది పనికొస్తుంది. 8x42 అని రాసి ఉన్నది తీసుకున్నాం. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందున్న అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పది రెట్లు, పన్నెండు రెట్లు అని ఎక్కువ అంకె చూసి కొంటే, చేయి కొంచెం వణికినా బొమ్మ ఊగిపోతుంది. వయసైనవాళ్లకు ఎనిమిదే మేలు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పేయాలి, లేకపోతే చుట్టూ నల్లగా కమ్ముకుంటుంది. ముందుగా బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ప్రాక్టీస్ చేయించాను. మొదట నాయన బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని, అప్పుడు పక్షి కోసం వెతికేవాడు. దొరికేది కాదు, చిరాకు పడేవాడు. పక్షి మీద చూపు నిలిపి, చూపు తిప్పకుండా, గ్లాసులను కళ్ల దగ్గరికి తేవాలి. అలా చేసిన మొదటిసారి ఆయనకు నీటికాకి కన్ను కనిపించింది. “పచ్చగా ఉంది రా దాని కన్ను!” అని కట్ట మీద పోయేవాళ్లను కూడా పిలిచి చూపించాడు. ఆ తర్వాత సాయంత్రాలు నేను లేకున్నా ఆయనే ఆటో ఎక్కి చెరువుకు పోయేవాడు.

ఆగస్టు మూడో వారంలో ఉర్దూ సార్ ఫోన్ చేశాడు. ఎగువన గట్టి వానలు పడ్డాయి, పాంచనా గేట్లు ఎత్తారు, నీళ్లు అజాన్ బంధ్‌కు చేరాయి, ఘనాకు వదులుతున్నారు. నాయన అడిగిన మొదటి మాట: “మరవ పారిందంటనా?” చెరువు నిండి నీళ్లు పొర్లడాన్ని మా వైపు అలా అంటాం. ఆ మాటను హిందీలో ఎలా అడగాలో ఉర్దూ సార్‌కు కూడా తోచలేదు. సెప్టెంబరు మొదట్లో వచ్చిన చిత్రంలో నాయన చూపించిన రెండో మడి కూడా నల్లబడింది. టికెట్లు రద్దు చేసుకునే ఆలోచన అక్కడితో వదిలేశాం.

సామాన్లలో మేం తీసుకెళ్లినవి మామూలువే. అక్టోబరు మొదట్లో అక్కడ మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది, తెల్లవారుజామున మాత్రం పల్చటి శాలువా చాలు. దోమల మందు తప్పనిసరి. మెరిసే రంగులు కట్టుకోవద్దని నా భార్యకు చెబితే, “నేనేమన్నా పెళ్లికి పోతున్నానా” అంది. అమ్మకు అంత దూరం రైలు పడదు, చెల్లెలింట్లో ఉండిపోయింది.

పార్కులోకి వెళ్లిన పొద్దున రిక్షా ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నాయన చేయి పట్టుకుని రిక్షాలో కూర్చోబెట్టాడు. సొంత బళ్లను లోపల తిరగనివ్వరు, రోడ్డు మీద సైకిళ్లు, రిక్షాలు, నడిచేవాళ్లే. ఆ నిశ్శబ్దంలో పిట్టల చప్పుడు ముందు చెవిని తాకుతుంది. సపన్ మోరి అనే చోటు దాటాక రెండు పక్కలా నీళ్లు. నీళ్లలో నల్లతుమ్మ చెట్లు, ప్రతి చెట్టు మీదా గూళ్లు.

ఒక చెట్టు మా రోడ్డుకు చాలా దగ్గరగా ఉంది. రిక్షా ఆపి దాని ముందే కూర్చుండిపోయాం. ఒక గూట్లో మూడు పిల్లలు, బూడిద కలిసిన తెలుపు నూగు, మెడలు చాచి ఒకటే గోల. పెద్ద కొంగలు అరవవు, ముక్కులు మాత్రం టకటకలాడిస్తాయి. గోల అంతా పిల్లలదే. ఎండ గూటి మీదికి రాగానే తల్లో తండ్రో తెలియదు, ఒక పెద్ద కొంగ వీపు ఎండకు పెట్టి రెక్కలు సగం విప్పి నిలబడింది. ఆ నీడలోకి పిల్లలు మూడూ జరిగాయి. ఎండ కొంచెం కొంచెం జరుగుతుంటే అదీ జరిగింది. విప్పిన రెక్కల్లో ఒంటి పక్కనుండే గులాబీ రంగు ఈకలు మన చేతికి అందేంత దగ్గరగా కనిపించాయి. రెండో కొంగ ఎగిరొచ్చి గూటి మధ్యలోకి చేపలు కక్కింది, పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుని తిన్నాయి. నాయన చాలాసేపు గ్లాసులు దించలేదు. “వీరాపురంలో కూడా ఇట్లే చేస్తాయి, కాకపోతే చింతచెట్టు ఆకుల చాటున సరిగ్గా కనపడదు” అన్నాడు.

ఆయన ఎదురుచూసిన తూము కూడా దొరికింది. ఒక కట్ట దగ్గర నీళ్లు ఒక మడి నుంచి ఇంకో మడికి జారుతున్నాయి. నాయన దిగి, కట్ట మీద వంగి, చేత్తో సైగలు చేస్తూ రిక్షా ఆయన్ను అడగడం, ఆయన అర్థం చేసుకుని ముందు ఏ మడి నింపుతారో, ఏది ఆఖరుకో చేత్తోనే గాలిలో గీసి చూపించడం చూశాను. ఇద్దరికీ ఒక్క భాష లేదు. పని తెలిసినవాళ్లకు అది అడ్డం కాలేదు.

కేవలాదేవ్ శివుడి గుడి దగ్గర రాతి పలకలున్నాయి. ఏ రోజు ఎవరు వచ్చి ఎన్ని పక్షుల్ని కాల్చారో వాటి మీద చెక్కి పెట్టారు. 1938 నవంబరు 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులు. ఆ వరస చదువుతూ పోతుంటే కడుపులో దేవినట్టయింది. ఘనా 1982లో జాతీయ ఉద్యానవనం అయింది. అదే ఏడాది ఊళ్ల ఎనుములను లోపలికి రానివ్వకుండా ఆపారు. గొడవలయ్యాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. తర్వాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఏళ్ల తరబడి పరిశోధన చేసి తేల్చింది ఏమంటే, ఎనుములు మేయకపోవడంతో నీళ్లలో గడ్డి పెరిగిపోయి మడుగులు పూడుకుపోతున్నాయని. పక్షుల కోసం ఆపిన మేతే పక్షులకు మేలు చేస్తుండేది. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ ఈ చోటు కోసం జీవితమంతా పాటుపడ్డాడు, ఆయన పేరుతో గేటు దగ్గర ఒక వివరణ కేంద్రం ఉంది. ఈ ఎనుముల కథ విన్నాక నాయన, “చెరువు మేత చెరువుకే మందు” అని ఊరుకున్నాడు. మా పల్లె చెరువులోనూ ఎండాకాలం ఎనుములు దిగి తుంగ తొక్కేవని దారంతా చెబుతూ వచ్చాడు.

సైబీరియా కొంగలు (ఇవి ఎర్రకాళ్ల కొంగలు కావు, వేరే జాతి) మాత్రం మాకు దొరికేవి కావు. మన దేశానికి అవి చలికాలం గడపడానికి వచ్చే చోటు ఇదే. ఏటేటా తగ్గుతూ వచ్చి, 2001-02 చలికాలంలో ఆఖరి జంట కనిపించింది. ఆ తర్వాత రాలేదు. అవి దిగే మడుగు ఎక్కడని అడిగితే రిక్షా ఆయన చేయి చాచి చూపించాడు. తన కుర్రతనంలో చూశానన్నాడు. సారస కొంగల జంట ఒకటి దూరంగా గడ్డిలో నడుస్తూ కనిపించింది, దాన్ని నా భార్యే ముందు చూసింది.

మేం తిరిగొచ్చాక స్టాఫ్‌రూమ్‌లో ఇంకో రెండు కుటుంబాలు బయల్దేరుతున్నాయి, సంక్రాంతికి. వాళ్లకు చెప్పిన సంగతులు వేరు. జనవరిలో అక్కడ పొగమంచు దట్టంగా ఉంటుంది, ఉత్తరాది రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. కాబట్టి ఆగ్రాలో దిగిన రోజే పార్కు పెట్టుకోవద్దన్నాను. బడి తెరిచే రోజుకు, ఇంటికి చేరే రోజుకు మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోమన్నాను. పొగమంచు రోజుల్లో తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడితే చలి తప్ప ఏమీ ఉండదు, పొద్దెక్కి మంచు విడిచాకే వెళ్లాలి. ఆ ఎండకే కొండచిలువలు బొరియల బయటికి వచ్చి పడుకుంటాయి. మాకు కనిపించని బాతులు, తల మీద నల్ల చారలున్న పెద్ద బాతులు వాళ్లకు కనిపిస్తాయి. గూళ్లు చాలావరకు ఖాళీ అయిపోయి ఉంటాయి. స్వెటర్లు, మంకీ క్యాప్‌లు పిల్లలకు ముందే కొనమన్నాను. అనంతపురంలో మంచివి దొరకాలంటే కొంచెం తిరగాలి. మా బైనాక్యులర్స్ వాళ్లకే ఇచ్చాం, నాయన దగ్గరుండి రబ్బరు కప్పులు తిప్పడం నేర్పించాడు. ఉర్దూ సార్ ఇప్పటికే రిక్షా ఆయనకు ఫోన్ చేసి, ఆ రోజులకు రెండు రిక్షాలు చెప్పి పెట్టాడు.